పొడుగు జుట్టును చూసుకోవడం ఎలా: తలస్నానం రోజు, మిగతా రోజులు

జుట్టు పాడవుతోందని ఇంట్లో చెబితే ముందు నూనె పేరు వినిపిస్తుంది, దుకాణంలో చెబితే షాంపూ పేరు వినిపిస్తుంది. ఆ రెండింటి జోలికి పోకముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మాడు వేరు, జుట్టు వేరు. మాడు ప్రాణమున్న చర్మం. దానికి చెమట పడుతుంది, జిడ్డు ఊరుతుంది, దురద పుడుతుంది, గాయమైతే మానుతుంది. కుదురు దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో మాత్రం ప్రాణం లేదు. అది ఒకసారి చిట్లితే మళ్లీ అతుక్కోదు, ఏ సీసాలోదీ దాన్ని అతికించలేదు.

వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు, ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన ఆడవాళ్లకు ఈ లెక్క అనుభవంలో తెలుసు, జుట్టు మళ్లీ భుజాల దాకా రావడానికి రెండేళ్లు దాటుతుంది. ఇదే లెక్కన నడుము దాకా ఉన్న జడ చివరి కొసల వయసు ఐదారేళ్లు. అవి ఐదారు ఎండాకాలాలను, వందల తలస్నానాలను, వేలసార్లు దువ్వెన పళ్లను తట్టుకుని అక్కడ ఉన్నాయి. అందుకని మాడుకు కావలసింది శుభ్రత, కొసలకు కావలసింది ఒరిపిడి లేకపోవడం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మాడుకు నూనె దట్టించి, కొసలను సబ్బు నురగలో రుద్దుతారు.

ముందు రోజు రాత్రి: నూనె

రేపు తలస్నానం అనగా ఈ రాత్రి నూనె పెట్టుకోండి. తలస్నానం అయ్యాక పెట్టుకుంటే రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంటుంది. జుట్టుకు కొబ్బరి నూనెను మించింది లేదు. ఈ మాట అలవాటు కొద్దీ అనడం లేదు. దానిలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకగలదు. అలా ఇంకిన వెంట్రుక తడిసినప్పుడు తక్కువ నీరు పీలుస్తుంది, కడిగేటప్పుడు దాని మాంసకృత్తులు తక్కువగా పోతాయి. సువాసన వేసి అమ్మే చాలా సీసాల్లో ఎక్కువ భాగం ఉండేది ఖనిజ తైలం. వెనక చీటీ మీద ‘లైట్ లిక్విడ్ పారాఫిన్’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది పైపైన మెరుపు ఇస్తుందే తప్ప లోపలికి వెళ్లదు. హాని లేదు గానీ కొబ్బరి నూనె చేసే పని దానివల్ల కాదు.

ఎంత పెట్టాలి? నడుము దాకా జుట్టుకు రెండు చెంచాలు చాలు. అరచేతుల్లో రాసుకుని ముందు కొసలకు, తరువాత జడ పొడవునా పట్టించండి. వేళ్లకు మిగిలిన తడితో మాడును మెల్లగా మర్దన చేయండి. గోళ్లు తగలకూడదు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె అసలు పెట్టకండి, కారణం కింద వస్తుంది. నుదుటి మీదికి నూనె కారేలా పెడితే మొటిమలూ వస్తాయి.

ఆముదం రాస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని గట్టి నమ్మకం ఉంది. రాలిన జుట్టును అది మొలిపించదు. అది బాగా చిక్కన కాబట్టి వెంట్రుకలు దగ్గరగా అతుక్కుని ఒత్తుగా కనిపిస్తాయి, అంతే. ఒట్టి ఆముదం పొడుగు జుట్టుకు పట్టించి తలస్నానం చేస్తే, విడదీయడానికి వీల్లేనంతగా ఉండ కట్టి చివరికి కత్తిరించవలసి వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. వాడాలనే ఉంటే మూడు వంతుల కొబ్బరి నూనెలో ఒక వంతు కలపండి.

చలికాలంలో కొబ్బరి నూనె పేరుకుంటే సీసాను కాసేపు వేడినీళ్ల గిన్నెలో ఉంచండి, పొయ్యి మీద పెట్టకండి.

కుంకుడు రసం

షాంపూ వాడేవారు ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్లవచ్చు. కానీ కుంకుడుకాయల్ని ‘పాతకాలం పని’ అని పక్కన పెట్టేసినవారు ఒకసారి చదవండి. పని అనుకున్నంత పెద్దది కాదు, సగం రాత్రే అయిపోతుంది.

నడుము దాకా, ఓ మోస్తరు ఒత్తుగా ఉన్న జుట్టుకు పది పన్నెండు కాయలు పడతాయి. వాటిని రోకలితో గానీ పొత్రంతో గానీ కొట్టి నల్లటి గింజలు తీసేయండి. నురగనిచ్చే పదార్థం, అంటే సపోనిన్, ఉండేది పై గుజ్జులోనే. గింజలతో ప్రయోజనం లేదు, పైగా పిసికేటప్పుడు వేళ్లకు అడ్డం. గుజ్జు మీద రెండు గ్లాసుల మరిగే నీళ్లు పోసి మూత పెట్టి వదిలేయండి. పొద్దున్నే చేత్తో గట్టిగా పిసికితే తేనె రంగు రసం, మీద తెల్లటి నురగ వస్తాయి. పలుచటి నూలు గుడ్డలో వడకట్టండి. పిప్పి మీద మరో గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ పిసికి వడకట్టండి. మొదటి రసాన్ని, రెండో రసాన్ని విడివిడిగా ఉంచుకోండి.

వడకట్టడంలో బద్ధకం వద్దు. చిన్న పిప్పి ముక్కలు జుట్టులో ఇరుక్కుంటే చుండ్రులా రాలుతూ రెండు రోజులు వేధిస్తాయి. బజారులో దొరికే కుంకుడు పొడికీ, సీకాయ పొడికీ ఇదే బాధ. వాటిని కూడా నానబెట్టి వడకట్టి వాడుకోండి, ముద్దగా తలకు పట్టించకండి. విశాఖ మన్యం వైపు గిరిజనులు సేకరించే కుంకుడు, సీకాయలను గిరిజన సహకార సంస్థ కొని తన దుకాణాల్లో అమ్ముతుంది. కాయలు కొనేటప్పుడు ముడతలు పడి, గోధుమ రంగులో, ఊపితే లోపల గింజ గలగలమనేవి ఎంచుకోండి. బూజు వాసన వస్తే వద్దు.

రసంలో గుప్పెడు మందార ఆకులు నలిపి వేస్తే జిగురు దిగి, తలస్నానం అయ్యాక చిక్కులు సులువుగా వస్తాయి. మెంతులు కూడా అంతే. కానీ మెంతి ముద్దను జుట్టుకు పట్టిస్తే వదిలించడం పెద్ద యజ్ఞం. నానబెట్టిన మెంతుల నీళ్లు మాత్రం వడకట్టి కలుపుకోండి. పలుచటి గంజిలో కుంకుళ్లు నానబెట్టే ఇళ్లూ ఉన్నాయి. జుట్టు పొడిబారే స్వభావం ఉన్నవారికి అది బాగుంటుంది, ఎందుకంటే ఒట్టి కుంకుడు రసం జిడ్డును కొంచెం ఎక్కువగానే లాగేస్తుంది.

రసం ఏ రోజుకారోజు చేసుకోవాలి. నిలవ ఉంచితే పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల దాకా ఆగుతుంది.

చిక్కు తీయడం తలస్నానానికి ముందే

ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే నేల మీద కనిపించే వెంట్రుకలు సగానికి సగం తగ్గుతాయన్నది నా గట్టి అభిప్రాయం. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినది తెగుతుంది. పొడి జుట్టులో ఉన్న చిక్కు నీళ్లు పడగానే బిగుసుకుంటుంది. అందుకని స్నానాల గదిలోకి వెళ్లకముందే చిక్కు తీసేయాలి.

దువ్వెన పళ్లు వెడల్పుగా ఉండాలి. పళ్ల మధ్య గరుకు గీతలుంటే పారేయండి, చౌక ప్లాస్టిక్ దువ్వెనల్లో అచ్చు పోసిన అంచు కత్తిలా మిగిలిపోతుంది. జుట్టును రెండు పాయలుగా విడదీసి ఒకదాన్ని ముందుకు వేసుకోండి. కొసల నుంచి మొదలుపెట్టండి. నాలుగు వేళ్ల మేర చిక్కు వదిలాక, ఇంకో నాలుగు వేళ్లు పైకి జరగండి. దువ్వే చోటికి పైన రెండో చేత్తో జుట్టును పట్టుకుంటే లాగుడు కుదుళ్ల దాకా పోదు. పై నుంచి కిందికి ఒక్కసారిగా దువ్వితే దారిలో ఉన్న చిన్న చిన్న చిక్కులన్నీ కొసల దగ్గర ఒక ముడిగా పేరుకుంటాయి, ఆ ముడి తెగడం తప్ప విడదు. విసుగ్గా ఉన్నప్పుడు, ఆఫీసుకు ఆలస్యమవుతున్నప్పుడు ఈ పని చేయకండి. రెండు నిమిషాలు మిగులుతాయి, నలభై వెంట్రుకలు పోతాయి.

తలంటు

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ఒంటికి హాయిగా ఉండే వేడి మాడుకు ఎక్కువే. ముందు రెండు చెంబులు పోసుకుని జుట్టు పూర్తిగా తడపండి.

మొదటి రసం మాడుకే. పాపిట వెంట, చెవుల వెనక, మెడ పైన కొద్దికొద్దిగా పోసుకుంటూ వేళ్ల కొసలతో రుద్దండి. జడ పొడవును విడిగా రుద్దనక్కర్లేదు. మాడు మీంచి జారే నురగ దాన్ని కడిగేస్తుంది. జుట్టంతా తల మీదికి పోగేసి గుండ్రంగా తిప్పి రుద్దడం సినిమాల్లో బాగుంటుంది, ఇంట్లో మాత్రం చిక్కులు మిగులుస్తుంది. నీళ్లతో కడిగాక రెండో రసం పోసి మళ్లీ ఒకసారి రుద్ది, జిగురు పోయేదాకా కడగండి. చెవుల వెనక వేలితో తడిమితే జారుడుగా అనిపించకూడదు.

రసం కళ్లలో పడితే మంట గట్టిగానే ఉంటుంది. నోట్లో ఉప్పుకల్లు వేసుకోమనే పెద్దవాళ్లున్నారు. పిల్లల ఏడుపు మరలడానికి అది పనికొస్తుందేమో గానీ, మంట తగ్గించేది చన్నీళ్లే. కళ్లు తెరిచి ధారగా కడగండి, రుద్దకండి. తలను వెనక్కి వంచి పోసుకుంటే అసలు ఈ గొడవే ఉండదు.

షాంపూ అయితే అరచేతిలో పోసి నేరుగా నడినెత్తిన పెట్టుకోకండి, ఒకేచోట గాఢంగా పడుతుంది. అర చెంబు నీళ్లలో కలిపి, కుంకుడు రసం పోసుకున్నట్టే మాడుకు పోసుకోండి. రాత్రి నూనె మితంగా పెట్టి ఉంటే ఒక్కసారి చాలు. కండిషనర్ దీనికి తలకిందులు. చెవుల కిందినుంచి కొసల దాకా మాత్రమే రాసి, రెండు నిమిషాలు ఆగి కడిగేయాలి. మాడుకు రాస్తే సాయంత్రానికే జుట్టు అంటుకుపోయినట్టు ఉంటుంది. ఒంటి సబ్బు మాత్రం తలకు వద్దు.

వారానికి ఎన్నిసార్లు? జుట్టును బట్టి కాదు, మాడును బట్టి. ఎక్కువమందికి రెండుసార్లు సరిపోతుంది. మే నెల విజయవాడలో హెల్మెట్ పెట్టుకుని తిరిగేవారికి మూడు కావాలి. డిసెంబరు ఆదిలాబాద్‌లో పొడి జుట్టు వారికి ఒకటి చాలవచ్చు. శుక్రవారం తలస్నానం అనే అలవాటు ఉంటే, రెండోది మంగళవారం వద్దనుకుంటే సోమవారం చేసుకోండి. కార్తీకమాసంలో రోజూ తలస్నానం చేసేవారు రోజూ రసమో షాంపూనో వాడనక్కర్లేదు. ఒట్టి నీళ్లు పోసుకుని, వారానికి రెండుసార్లు మాత్రం తలంటుకోండి. అయితే ఆ నెల్లాళ్లూ ఆరబెట్టడంలో రెట్టింపు జాగ్రత్త కావాలి.

బోరు నీళ్లు

బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా, సబ్బుకు నురగ రావడం లేదా? అయితే మీ ఇంటి నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిస్తే తెట్టుగా మారి వెంట్రుకకు పట్టుకుంటాయి. తలకు సబ్బు వద్దన్నది ఇందుకే. షాంపూకు ఆ తెట్టు బెడద తక్కువ, కానీ లవణాల వల్ల జుట్టు గరుకుగా, చీపురులా మారుతుంది. ఊరు మారగానే జుట్టు ఊడిపోతోందని హాస్టల్ అమ్మాయిలు అంటుంటారు. బోరు నీరు కుదుళ్లను ఏమీ చేయదు. గరుకైన జుట్టు చిక్కుపడుతుంది, దాన్ని లాగి దువ్వుతాం, అది తెగుతుంది.

తలస్నానం మొత్తానికి మంచినీళ్లు వాడనక్కర్లేదు. చివరి రెండు చెంబులు మాత్రం నల్లా నీళ్లో, వాన నీళ్లో అయితే చాలు. అదీ లేకపోతే లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వెనిగర్ గానీ, వడకట్టిన అర చెక్క నిమ్మరసం గానీ కలిపి జడ పొడవునా పోసుకుని, నిమిషం తరువాత కడిగేయండి. నెలకు రెండుమూడు సార్లకు మించి అక్కర్లేదు. మాడు మీద పుండ్లున్నవారు దీని జోలికి వెళ్లవద్దు.

ఆరబెట్టడం

గరుకు తువ్వాలుతో జుట్టును దులపడం మానేయండి. పాత నూలు చీర ముక్కో, మెత్తబడిన పంచో తీసుకుని జుట్టును పాయలుగా అందులో పెట్టి అదమండి. పిండకండి. తరువాత గుడ్డను వదులుగా తలకు చుట్టి పావుగంట ఉంచండి. బిగించి చుడితే నుదుటి దగ్గరి సన్నటి వెంట్రుకలు తెగుతాయి.

అప్పుడు విప్పి, వేళ్లతో విడదీసి గాలికి ఆరనివ్వండి. ముప్పావు వంతు ఆరాక దువ్వెన పట్టండి, అంతకు ముందు కాదు. మెత్తటి ఎండ, ఫ్యాను గాలి రెండూ మంచివే. మిట్టమధ్యాహ్నపు ఎండ జుట్టును పెళుసుగా చేస్తుంది. ఆరబెట్టే యంత్రం వాడక తప్పని రోజుల్లో దాన్ని తలకు జానెడు దూరంలో ఉంచి, ఒకేచోట నిలపకుండా కదుపుతూ, వేడి తగ్గించి వాడండి. జుట్టును నిటారుగా చేసే ఇస్త్రీ పెట్టెను తడి జుట్టు మీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకను లోపలినుంచే పగలగొడుతుంది. సుయ్‌మనే శబ్దం వచ్చిందంటే అదే జరుగుతోంది.

సాంబ్రాణి ధూపం జుట్టుకు పరిమళం ఇస్తుంది, కాస్త వెచ్చదనమూ ఇస్తుంది. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఆ పొగలో కూర్చోకూడదు. నిప్పుల మీద బోర్లించిన బుట్ట లేకుండా జుట్టు వేలాడదీయడం ప్రమాదం.

తడి జుట్టును ముడేసుకుని బస్సెక్కడం మన ఊళ్లలో రోజూ కనిపించే దృశ్యం. వేళ కాని వేళ తలస్నానం చేయడం వల్లే ఇదంతా. లోపల ఆరని జుట్టు సాయంత్రానికి మక్కిన వాసన వేస్తుంది, మాడు దురద పెడుతుంది. ఉద్యోగానికి వెళ్లేవారు తలస్నానాన్ని ముందు రోజు సాయంత్రం ఆరు గంటలకు జరపండి. సాయంత్రం తలస్నానం చేయకూడదన్న మాట ఇంట్లో వస్తే, తడి జుట్టుతో నిద్రపోవద్దన్నదే అందులోని అసలు మేలు అని చెప్పి, ఆరాకే పడుకుంటానని మాటివ్వండి.

జడ, రబ్బరు బ్యాండు, హెల్మెట్

పొడుగు జుట్టుకు జడను మించిన రక్షణ లేదు. విరబోసుకున్న జుట్టు వీపుకూ, కుర్చీకీ, సంచి పట్టీకీ రోజంతా రాసుకుంటుంది. కానీ జడ బిగువు మీదే అంతా ఆధారపడి ఉంది. అల్లాక కనుబొమ్మలు పైకి లాగినట్టున్నా, పాపిట పక్కన కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు కనిపించినా జడ మితిమీరి బిగిసిందని అర్థం. ఏళ్ల తరబడి ఇలా లాగితే నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలుచబడుతుంది. తొలిదశలో వదులు చేస్తే తిరిగి వస్తుంది, కుదురు మచ్చపడితే రాదు.

బడికి వెళ్లే ఆడపిల్లలకు రెండు జడలు వేసి, మడిచి పైకి రిబ్బను కట్టే పద్ధతిలో తల్లులు చూడవలసింది ఇదే. మడత పెట్టిన జడ బరువు చెవి వెనకి కుదుళ్లను పదేళ్లపాటు లాగుతుంది. బడి నుంచి రాగానే విప్పేయండి. పాపిటను కూడా నెలకోసారి అటూ ఇటూ మార్చండి.

రబ్బరు బ్యాండుకు గుడ్డ తొడుగు ఉండాలి. ఒట్టి రబ్బరు జుట్టుకు కత్తెరే. పెళ్లిళ్లలో పూలజడ, సవరం, జడగంటలు పెట్టుకోవడం ఒక పూట సంబరం, దానికేమీ భయపడనక్కర్లేదు. సవరం బరువు మొత్తాన్ని ఒక్క పాయకు కాకుండా ముడికి కట్టించుకోండి, కార్యక్రమం అవగానే తీసేయించుకోండి. పిన్నులను లాగకుండా ఒక్కొక్కటే తెరిచి తీయాలి.

స్కూటరు నడిపేవారు హెల్మెట్ కింద పలుచటి నూలు గుడ్డ కట్టుకుని దాన్ని రోజూ ఉతకండి. హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు ఊడుతుందని దాన్ని మానేయడం లాంటి తెలివితక్కువ పని మరొకటి లేదు. చెమట పట్టిన తలను ఇంటికి రాగానే ఆరనిస్తే చాలు. రాత్రి పడుకునేటప్పుడు వదులుగా ఒక జడ వేసుకోండి.

కొసలు చిట్లితే మూడు నాలుగు నెలలకోసారి అంగుళం కత్తిరించండి. కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరుగుతుందన్నది నిజం కాదు, కత్తెర సంగతి కుదురుకు తెలియదు. చీలిక పైకి పాకకుండా ఆగుతుంది, అంతే.

చుండ్రు, పేలు

చుండ్రు మాడు పొడిబారి వచ్చేది కాదు. మలసీజియా అనే శిలీంధ్రం అందరి చర్మం మీదా ఉంటుంది, జిడ్డును తిని పెరుగుతుంది. నూనె పెట్టినప్పుడు పొట్టు తడిసి కనిపించదు కాబట్టి తగ్గిందనుకుంటాం, నిజానికి దానికి మేత వేసినట్టే. మందుల దుకాణంలో దొరికే రెండు శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు మాడుకు పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి కడగండి. పట్టించిన వెంటనే కడిగేసి పని చేయలేదనడం అందరూ చేసేదే. నాలుగు వారాలకూ తగ్గకపోయినా, కనుబొమ్మలకూ చెవులకూ పాకినా, దళసరి పొలుసులు కట్టినా చర్మవైద్యులకు చూపించండి.

పేలు మురికి వల్ల రావు, తల తలా ఆనడం వల్ల వస్తాయి. ఒక్క పిల్లకు కనిపిస్తే ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి. ఒక్క శాతం పర్మెత్రిన్ లోషన్‌ను తలస్నానం చేసి తుడుచుకున్న జుట్టుకు పట్టించి పది నిమిషాల తరువాత కడగండి. పేలు చస్తాయి గానీ ఈపులన్నీ చావవు. అవి వారం పది రోజుల్లో పగిలి పిల్లలు వస్తాయి. అందుకే తొమ్మిదో రోజున మళ్లీ పట్టించాలి. మధ్యలో మూడు రోజులకోసారి పేలదువ్వెన తప్పదు. కిరోసిన్, పురుగుమందు తలకు రాయడం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. వాటితో మాడు కాలుతుంది, పిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

గోరింటాకు, రంగు

గోరింటాకు ఇచ్చే రంగు ఎరుపే. నల్లగా మారే ‘గోరింటాకు పొడి’లో దాదాపుగా పీపీడీ అనే రసాయనం కలిపి ఉంటుంది. కొందరి చర్మానికి అది పడదు, ముఖం వాచిపోతుంది. కొత్త పొట్లం ఏదైనా చెవి వెనక చుక్కంత రాసి 48 గంటలు చూడండి. ఇదివరకు పడింది కదా అని ఊరుకోకూడదు, అలర్జీ ఏ వాడకంలోనైనా మొదలుకావచ్చు. అసలు గోరింటాకు కూడా జుట్టును కొంత పొడిబారుస్తుంది కాబట్టి మరుసటి రోజు కొసలకు కొబ్బరి నూనె రాయండి.

రాలుతోందా, తెగుతోందా?

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవారికి మూడు రోజుల వెంట్రుకలు ఒకేసారి చేతికి వస్తాయి, కంగారు పడకండి. కంగారు పడవలసిందేమిటో తేల్చుకోవడానికి రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి ఉబ్బు ఉంటే అది కుదురు నుంచి ఊడింది. ఉబ్బు లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. తెగినవే ఎక్కువైతే ఇప్పటిదాకా చెప్పిన దువ్వెన, తువ్వాలు, బ్యాండు సంగతులు సరిచూసుకోండి. ఊడినవే ఎక్కువైతే కారణం ఒంట్లో వెతకాలి, సీసాలో కాదు.

ఇంకో పరీక్ష. తలస్నానం చేసిన మర్నాడు యాభై అరవై వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టుకుని కుదుళ్ల నుంచి కొసల దాకా మెల్లగా లాగండి. ఆరుకు మించి చేతికి వస్తే రాలడం మామూలుగా లేదు.

అలా ఉంటే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి. డెంగీ, టైఫాయిడ్ వంటి గట్టి జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, అన్నం మానేసి బరువు తగ్గడం, ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి, ఆ వెంట్రుకలు రెండు మూడు నెలల తరువాత కట్టగట్టుకుని ఊడతాయి. బిడ్డకు మూడో నెల వచ్చేసరికి బాలింతల జుట్టు ఊడటం ఇదే. చూడటానికి భయం వేస్తుంది గానీ కుదుళ్లు బతికే ఉంటాయి. ఆరు నెలల నుంచి ఏడాదిలో నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు నిలబడటం మీకే కనిపిస్తుంది. ఈలోగా ఏ నూనె వాడుతుంటే ఆ నూనెకు కీర్తి దక్కుతుంది.

అలాంటి కారణం ఏదీ తోచకపోతే రక్తహీనతను ముందు అనుమానించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండు తెలుగు రాష్ట్రాల సంఖ్యా దానికి అటూ ఇటుగానే ఉంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం మీ కంచంలోకి వస్తున్నాయో, అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన పులుసుతో సరిపెడుతున్నారో చూసుకోండి. ఆకుకూర తిన్న పూట నిమ్మకాయో ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే తగ్గుతుంది, గంట ఆగండి.

పాపిట ఏడాదికేడాది వెడల్పవుతున్నా, నెలసరి క్రమం తప్పి గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు పడుతున్నా ఇంటి వైద్యంతో కాలం గడపకండి. ఆ గుండ్రటి మచ్చలు పేనుకొరుకుడు. దానికీ పేలకూ సంబంధం లేదు, ఒంటి రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. గురివింద గింజ అరగదీసి, వెల్లుల్లి రుద్ది చర్మాన్ని కాల్చుకోవద్దు. గురివింద విషం కూడా.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు గత ఆరు నెలల్లో వచ్చిన జబ్బులు, వాడిన మాత్రలు కాగితం మీద రాసుకెళ్లండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి, జుట్టు పెరగడానికి ఇచ్చే మినాక్సిడిల్ వంటి మందులు అప్పుడు ఇవ్వరు. సాధారణంగా రక్త పరీక్షతో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. జుట్టు కోసం సొంతంగా బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతుంటే ఆ సంగతి దాచకండి. బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు. కనీసం రెండు రోజుల ముందు నుంచి ఆపి, రక్తం తీసే వారికి కూడా ఒకసారి చెప్పండి.